సున్నం ఉడికిన వాసన

డ్రమ్ములో సున్నం ఉడుకుతూ ఉంది. పేట చివర సమాధుల తోటలో ఇద్దరు కుర్రాళ్ళు గడ్డ సున్నం మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి దూరం జరిగారు. బుస్సుమని పొగ లేచింది. నవంబరు 2 సాయంత్రం అందరూ వచ్చి తమ వాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు కాబట్టి ఆలోగా గోడకీ సమాధులకీ సున్నం పడాలి. ఊళ్ళో ఇళ్ళన్నీ ఎప్పుడో రంగు డబ్బాలకి మారిపోయాయి, కొత్త గుడి కూడా అంతే. ఇంకా సున్నం ఉడికేది ఇక్కడొక్క చోటే.

ఆ తడి ఆవిరి ముక్కుకి తగలగానే పాత గుడి కళ్ళముందు లేచి నిలబడింది. రేణిగుంట నుంచి పుత్తూరు పోయే దారికి కాస్త లోపలగా, రైలు పట్టాలకి ఇవతల, పెంకుల గుడి. చర్చి అనే మాట కాగితాల్లో రాసేది. నోటితో అనేది గుడి అనే. "గుడికి పోతా వుండాం" అంటే పక్క వీధి వాళ్ళకి కూడా ఏ గుడో తెలిసిపోయేది, చంకలో బైబిలు ఉండేది కాబట్టి. వాకిలి పడమరకి. మెట్ల మీద నిలబడి బయటికి చూస్తే దూరంగా ఏడుకొండల వరస. ఆదివారం తెల్లవారుజామున రామాలయం మైకులో సుప్రభాతం అయ్యాక, ఊరు మళ్ళీ కాస్త సద్దుమణిగాక, మా గంట మోగేది.

తిరుపతి చుట్టుపక్కల లూథరన్ గుళ్ళ, అంటే జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే గుళ్ళ, కథ జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ అనే పల్లెలో మొదలైంది. అక్కడి పాస్టరు లుడ్విగ్ హార్మ్స్ 1849లో ఒక మిషన్ పెట్టాడు. దాని తరఫున ఆగస్ట్ మిలియస్ 1865లో తెలుగు నేలకి వచ్చి సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు పని ఎత్తుకున్నాడు. అటునుంచి గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి, పుత్తూరు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి జర్మన్ దొరలు దేశం విడిచిపోవాల్సి వస్తే, ఆ పనిని అమెరికా ఒహాయో లూథరన్లు అందుకున్నారు. ఇప్పుడు అవన్నీ దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం కిందివి, దాని కేంద్రం తిరుపతే. ఆ చరిత్రంతా పెద్దలకి తెలుసు. పిల్లలకి తెలిసింది కప్పు మీద పెంకులు. గాలివానకి జారిపడ్డ పెంకుని తిరగేస్తే అడుగున ఫ్యాక్టరీ ముద్ర ఉండేది. ఆ రకం పెంకులు మన దేశంలో చేయడం మొదలుపెట్టింది కూడా మిషన్ వాళ్ళే, 1860ల్లో మంగళూరులో, బాసెల్ మిషన్. మా వైపు మాత్రం వాటిని బెంగుళూరు పెంకులనే అనేవాళ్ళు.

*

గుడిని చూసుకునే పెద్దాయన్ని అందరూ గంట తాత అనేవాళ్ళు. ఆయన అసలు పేరు సంఘం రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. అది మొదలయ్యేలోగా గుడికి సున్నం వేయాలని తాత పట్టు. గడ్డ సున్నం పెద్ద బానలో వేసి నీళ్ళు చెంబు చెంబుగా పోసేవాడు. ఒక్కసారే కుమ్మరిస్తే పైపైన ఉడికి, లోపల గడ్డ పచ్చిగా మిగిలిపోతుంది. ఆ పచ్చి గడ్డ గోడ ఎక్కాక గాల్లో తేమ పీల్చి, ఉబ్బి, నెల తిరిగేలోగా శనగగింజంత గుంటలు చేసి రాలిపోతుంది. అందుకే బాన మీద తడి గోనె కప్పి మూడు రోజులు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పిల్లలు చుట్టుపక్కలకి పోతే కేకలు. ఉడికే సున్నం చుక్క కంట్లో పడితే చూపు పోతుంది, ఆ కేకల్లో కోపం కంటే భయం ఎక్కువ.

మూడో రోజు పాత పంచెతో వడగట్టడం. కిలో సున్నానికి అయిదు లీటర్ల నీళ్ళని ఇప్పుడు మేస్త్రీలు లెక్క చెబుతారు. తాత లెక్క కుంచెది: ఎత్తితే పాలు కారినట్టు కారాలి, పెరుగులా జారకూడదు. చిక్కగా వేస్తే ఎండాక పొలుసులై ఊడుతుంది. వేడినీళ్ళలో కరిగించిన తుమ్మబంక కలిపేవాడు. బంక తక్కువైతే ఆదివారం గోడకి ఆనుకున్న వీపులన్నీ తెల్లనే. నీలిమందు చిటికెడు, కిలోకి మూడు గ్రాములు దాటకుండా. కిత్తనార కుంచెతో ఒకసారి పైనుంచి కిందికి, వెంటనే కిందినుంచి పైకి. ఆరాక రెండో పూత కుడి ఎడమలుగా. అంతకుముందే గోడంతా నీళ్ళతో తడపాలి, లేకపోతే ఎండు గోడ సున్నంలోని నీటిని లాగేసుకుని ఉత్త పొడి మిగుల్చుతుంది. తడిగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ అంటినట్టు కనపడదు. రాత్రికి రాత్రి ఆరి, తెల్లారేసరికి గోడలు తెల్లగా మెరిసేవి. ఆ ఉదయం గుడి తలుపు తీయగానే వచ్చే వాసనే ఇది.

పని మొదలుపెట్టే ముందు తాత తలగుడ్డ తీసి, కుంచె చేత్తోనే పట్టుకుని, గోడకేసి నిలబడి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. పెదాలు కదిలేవి. అది అయ్యాకే మొదటి పూత.

*

శనివారం మధ్యాహ్నం నుంచి గుడి తయారయ్యేది. నేల కడప బండలు, దశాబ్దాల పాదాలకి అరిగి నున్నబడినవి. వాటిని ఉత్త నీళ్ళతో కడిగి, గోనె పట్టాతో తుడిచి ఆరబెట్టాలి, అంతే. కడపరాయి అంటే సున్నపురాయే కదా, పులుపు తగిలితే తినేస్తుంది. ఒక పండక్కి ఉత్సాహంగా సాయం చేయడానికొచ్చిన యువకులు బాత్రూములు కడిగే యాసిడ్ చల్లి రుద్దారు. ఆరాక చూస్తే నల్లటి బండల మీద తెల్లటి మచ్చలు, మూడు వరసల మేర. ఆ మచ్చలు గుడి ఉన్నన్నాళ్ళూ పోలేదు. తాత వాళ్ళని ఒక్క మాట అనలేదు, మరుసటి వారం నుంచి చాపల్ని ఆ మచ్చల మీదికి జరిపి పరిచేవాడు.

చాపలు తుంగవి. బలిపీఠానికి ఎదురుగా కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు, నడుమ నడవ. ఆరాధన కాగానే చాపలు చుట్టి తాడు మీద వేలాడగట్టాలి. రాత్రంతా నేల మీద వదిలేస్తే అడుగున చెమ్మ పట్టి చెదలు ఎక్కుతాయి. చాపకి ఎక్కిన చెద అక్కడితో ఆగదు. పక్కనే కీర్తన పుస్తకాల పెట్టె, దాని వెనక తలుపు చట్రం.

చెప్పులు బయట చింతచెట్టు కింద. దొరలు బూట్లతోనే గుళ్ళోకి వచ్చేవాళ్ళని ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు, కానీ మన జనం ఎప్పుడూ విప్పే వచ్చారు. ఎవరైనా అడిగితే మోషే మాట చెప్పేవాళ్ళు. నిర్గమకాండం మూడో అధ్యాయంలో, మండుతున్న పొద దగ్గర, నువ్వు నిలబడ్డది పరిశుద్ధ స్థలం, చెప్పులు విడువమని దేవుడు చెప్పిన మాట.

దూలాల మీద పిచ్చుకలు గూళ్ళు కట్టేవి. గడ్డిపోచలు చాపల మీద రాలేవి. అన్నీ ఊడ్చి శుభ్రం చేసే తాత గూళ్ళ జోలికి మాత్రం పోయేవాడు కాదు. "కీర్తనల్లోనే వుండాది కదా నైనా, పిచ్చుకలకు నివాసము దొరికెను అని. ఎనబై నాలుగో కీర్తన. దేవుని బలిపీఠం దగ్గర గూడు పెట్టుకోనిచ్చినాడు, మనమెవరం తీసేదానికి?" ఆ కీర్తన ఎప్పుడు చదివినా ఆ కిచకిచలు వినపడతాయి.

*

గంట గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

గంట కంచుది. గంటల కంచులో నూరు పాళ్ళకి సుమారు 78 రాగి, 22 తగరం. తగరం పెరిగే కొద్దీ నాదం తేటపడుతుంది, లోహం మాత్రం గాజులా పెళుసెక్కుతుంది. అందుకే గంట కొట్టడానికి చెయ్యి తెలియాలి. తాడు లాగి నాలుకని అంచుకి తగిలించగానే వదిలేయాలి. దెబ్బ కొట్టి అలాగే అదిమి పట్టుకుంటే, మోగుతున్న లోహం అదురు బయటికి పోయే దారి లేక అక్కడే బీట వేస్తుంది. ఒకసారి బీటవారిన గంట మళ్ళీ పలకదు, కరిగించి పోత పోయాల్సిందే. అందుకే కొత్తగా తాడు పట్టుకునేవాళ్ళ చేతుల మీద తాత తన చేతులు వేసి నేర్పేవాడు: "లాగు, వొదులు. లాగు, వొదులు. పట్టుకోవాకు."

తాడు కొబ్బరి పీచుది. వానాకాలంలో తడిసి ఉబ్బి, కప్పు చెక్కలో రంధ్రం దగ్గర బిగుసుకునేది. అక్కడే రాసుకుని పుటుక్కున తెగేది కూడా. రంధ్రానికి ఇత్తడి కడియం బిగించి, తాడుకి ఆ జానెడు మేర మైనం పూసేవాడు. ఇరుసుకి ఆముదం.

ఆదివారం గంట మూడుసార్లు మోగేది. ఆరాధనకి గంట ముందు మొదటిది, అది పొలాల్లో ఉన్నవాళ్ళకి. అరగంట ముందు రెండోది, అది ఇళ్ళలో ఆడవాళ్ళకి. తాతకి చేతి గడియారం లేదు, అరక్కోణం వైపు పోయే పాసింజరు కూత విని రెండో గంట కొట్టేవాడు. బండి ఆలస్యమైన రోజు ఆరాధనా ఆలస్యమే. మూడోది, అయ్యగారు, అంటే పాస్టరు, తెల్లని అంగీ తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాక.

చావు గంట వేరు. ఒక్కొక్క దెబ్బ, నడుమ నెమ్మదిగా పది లెక్కపెట్టేంత మౌనం. ఏ వేళప్పుడు వినపడినా చేతిలో పని ఆగేది. అవ్వలు రోట్లో రోకలి అలాగే నిలబెట్టి, ఎవరై ఉంటారో అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. కొంగు తల మీదికి లాక్కుని అక్కడే, పెరట్లోనే, చిన్న ప్రార్థన చేసేవాళ్ళు. గంట వినపడినంత మేరా గుడే అనిపించేది అప్పుడు.

*

బలిపీఠం తూర్పు గోడకి. క్రీస్తు రాకడ తూర్పున పుట్టిన మెరుపులా ఉంటుందని మత్తయి సువార్తలో ఉంది. ఆ ఎదురుచూపుతోనే పూర్వం నుంచి క్రైస్తవులు తూర్పు ముఖంగా ప్రార్థించారు, గుళ్ళనీ అలాగే కట్టారు. స్థలం కుదరక మరో దిక్కుకి కట్టినవీ చాలా ఉన్నాయి. తూర్పుతో ఒక చిక్కు కూడా ఉంది. పొద్దున ఆరాధనలో ఎండ నేరుగా జనం కళ్ళలో పడుతుంది, నిలబడ్డ అయ్యగారి మొహం నీడలా నల్లబడిపోతుంది. కట్టినవాళ్ళకి అది తెలుసు. కిటికీని మనిషి తలకి బాగా పైన, సన్నగా పెట్టారు. ఎండ దూలాలకి తగిలి, సున్నపు గోడల మీద పడి, మెత్తబడి కిందికి దిగేది.

పీఠం కాళ్ళు రాతివి, పై బల్ల టేకు. చెదలకి నేల నుంచి దారి లేకుండా చేసిన ఏర్పాటు అది. బల్ల మీద తెల్ల నార గుడ్డ, నాలుగు మూలలా ఒక్కొక్క సిలువ, నడుమ ఒకటి. అయిదూ క్రీస్తు అయిదు గాయాలు. రెండు కొవ్వొత్తులు, ఆయన దేవుడూ మనిషీ అని చెప్పడానికి. ముందుకి వేలాడే రంగు గుడ్డ మాత్రం కాలాన్నిబట్టి మారేది. ఆగమన కాలానికి, ఈస్టరుకి ముందు వచ్చే శ్రమ దినాలకి ఊదా. క్రిస్మస్‌కీ ఈస్టరుకీ తెలుపు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండక్కి ఎరుపు, లూథర్‌ని తలుచుకునే అక్టోబరు 31కి కూడా ఎరుపే. త్రిత్వ పండుగ తర్వాత నెలల తరబడి ఆకుపచ్చ. అక్షరం రాని అవ్వ కూడా వాకిట్లో నుంచి ఒక్కసారి చూసి, ఇప్పుడు ఏ కాలం నడుస్తోందో చెప్పేది.

ఆ గుడ్డల సంరక్షణ అయ్యగారి ఇంట్లో అమ్మగారిది. మిగతా బట్టలకి గంజి పెట్టినా బలిపీఠం గుడ్డకి పెట్టనిచ్చేది కాదు, గంజి వాసనకి బొద్దింకలు, పుస్తకాల పురుగులు చేరి కొరుకుతాయి. మడత పెడితే మడత దగ్గరే నార విరుగుతుంది కాబట్టి వెదురు గొట్టానికి చుట్టి, వేపాకు, కలరా ఉండలు వేసిన ట్రంకుపెట్టెలో పెట్టేది. కొవ్వొత్తి మైనం పడితే వెంటనే తుడవకూడదు, పూర్తిగా గట్టిపడ్డాక చాకు వెనకతో గీకి, పైనా కిందా మందం కాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే మిగతాది కాగితంలోకి దిగుతుంది. ద్రాక్షరసం మరకైతే ఆరనివ్వకూడదు. గుడ్డని గిన్నె మీద బిగించి కట్టి, మరక మీద ఎత్తు నుంచి మరిగే నీళ్ళు ధారగా పోయాలి. ఆ తర్వాతే కుంకుడు రసం.

పీఠం మీద పెట్టకూడనివి కూడా ఉండేవి. కళ్ళజోడు, చేతిసంచి, లెక్కల పుస్తకం. పండుగ ఏర్పాట్ల హడావుడిలో ఎవరైనా మరిచిపోయి తాళాల గుత్తి పెడితే తాత వచ్చి రెండు చేతులతో తీసి కిటికీలో పెట్టేవాడు.

శుభ శుక్రవారం ముందురోజు రాత్రి ఆరాధన చివర్న కొవ్వొత్తులు, గిన్నె, తెల్ల గుడ్డ, రంగు గుడ్డ ఒక్కొక్కటిగా తీసేసేవాళ్ళు. ఒకపక్క ఇరవై రెండో కీర్తన చదువుతుండేవాళ్ళు. చివరికి ఉత్త చెక్క బల్ల మిగిలేది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా, చీకట్లో చెప్పులు వెతుక్కుని ఇళ్ళకి పోయేవాళ్ళు. ఎన్ని ప్రసంగాలు విన్నా ఆ ఖాళీ బల్ల చెప్పినంత గట్టిగా సిలువ సంగతి ఏదీ చెప్పలేదు.

*

సంస్కారం అంటే ప్రభువు రాత్రి భోజనం, రొట్టె, ద్రాక్షరసం. అది ఇచ్చే ఆదివారానికి ముందు, శనివారం, పుచ్చుకోబోయేవాళ్ళు అయ్యగారి దగ్గరికి వెళ్ళి పేరు చెప్పుకోవాలి. లూథరన్లు తమ నమ్మకాలని రాసిపెట్టుకున్న 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలోనే ఉంది ఆ పద్ధతి, ముందుగా విచారించకుండా సంస్కారం ఇవ్వరని. అయ్యగారి వరండాలో బెంచీ మీద ఇద్దరు కూర్చునేవాళ్ళు, గట్టు తగాదాలో మాటలు లేని అన్నదమ్ములు. "ఇద్దరూ ఒక మాట అనుకోని రాండప్పా, అప్పుడు రాస్తా" అని అయ్యగారు పుస్తకం మూసి లోపలికి పోయేవారు. కొన్నిసార్లు పేర్లు పడేవి. కొన్నిసార్లు ఆ ఇద్దరూ మరుసటి రోజు వెనక వరసలోనే ఉండిపోయేవాళ్ళు.

పేర్ల లెక్క తేలాకే అమ్మగారి వంటింట్లో పని. మైదా, నీళ్ళు, అంతే. ఉప్పు లేదు, నూనె లేదు, పులవడానికి ఏదీ లేదు. పల్చగా ఒత్తి, సన్న సెగ మీద మచ్చ పడకుండా కాల్చి, ఇంకా వెచ్చగా ఉండగానే చాకుతో గళ్ళు గీసేది. చల్లారాక గీస్తే పెళపెళ విరిగి పొడి రాలుతుంది, ఆ పొడి పళ్ళెంలో మిగలడం ఆమెకి ఇష్టం లేదు. డెబ్బై మందికి పావుకిలో ఎండు ద్రాక్ష. రాత్రి లీటరు నీళ్ళలో నానేసి, తెల్లవారుజామున ముప్పావు వంతుకి దిగేదాకా మరిగించి, పిసికి వడగట్టడం. అంతకుముందు రోజు చేస్తే మా ఎండలకి నురగ కట్టేది. పులిసిన రసమా, పులియనిదా అన్న వాదన పెద్దల కూటాల్లో ఎప్పుడూ నడిచేది కానీ వంటింట్లో నడిచేది అమ్మగారి పద్ధతే.

గిన్నె ఇత్తడిది, లోపల కళాయి. కళాయి అరిగిన ఇత్తడికి ద్రాక్ష పులుపు తగిలితే చిలుము కక్కుతుంది, అది విషం. ఏటా ఈస్టరుకి ముందు కళాయి వేసేవాడు వచ్చి, గుడి వెనక బట్టీ పెట్టి, నవాసారం చల్లి, తగరం రాసి మెరిపించి ఇచ్చేవాడు. ఆయన ముస్లిం. ఆ గిన్నె దేనికో ఆయనకి తెలుసు. పట్టకారుతో కాకుండా శుభ్రమైన గుడ్డలో పెట్టి తాత చేతికి అందించేవాడు.

బలిపీఠం ముందు కొయ్య కమ్మీ. ఎనిమిది మంది చొప్పున మోకాళ్ళూనేవాళ్ళు. చేతులు ఆనీ ఆనీ ఆ కమ్మీ పై అంచు నల్లగా, నున్నగా, అద్దంలా తయారైంది. గిన్నె ఒకరి పెదవి తాకాక అంచు తుడిచి, పావు వంతు తిప్పి పక్కవాళ్ళకి. చివర్న మిగిలిన రొట్టె, రసం అక్కడే పుచ్చుకునేవాళ్ళు. గిన్నె కడిగిన మొదటి నీళ్ళు మోరీలో పోయకుండా వాకిట్లో మల్లెపాదుకి పోసేవాళ్ళు. బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళదీ అదే దారి. ఆ తొట్టి తలుపు పక్కనే ఉండేది, ఎనిమిది పలకల రాతి తొట్టి. నోవహు ఓడలో బతికిన ఎనిమిది మందిని యేసు శిష్యుడు పేతురు బైబిల్లోని తన ఉత్తరంలో బాప్తిస్మంతో ముడిపెట్టాడు కాబట్టి ఎనిమిది. గుళ్ళోకి అడుగుపెట్టే ప్రతివాళ్ళూ దాని పక్కనుంచే పోవాలి.

*

ఇంత భద్రం చేసే అయ్యగారే కన్‌ఫర్మేషన్ క్లాసులో, అంటే పెద్దవుతున్న పిల్లలకి విశ్వాస పాఠాలు చెప్పే తరగతిలో, పిల్లల చేత మరో రకం వచనాలు వల్లె వేయించేవారు. ఆకాశ మహాకాశాలే నిన్ను పట్టలేవు, నేను కట్టిన ఈ మందిరం ఎలా పడుతుందని సొలొమోను గుడి ప్రతిష్ఠ రోజే అన్న మాట. ఈ కొండ మీదా కాదు, యెరూషలేములోనూ కాదు, ఆత్మతోనూ సత్యంతోనూ ఆరాధించాలని యేసు సమరయ స్త్రీతో చెప్పింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమన్నది. మొదటి మూడు వందల ఏళ్ళు క్రైస్తవులు ఎక్కువగా ఇళ్ళలోనే కూడుకున్నారని, సిరియాలో దూరా యూరోపస్ దగ్గర తవ్వితే అలా గుడిగా మార్చిన ఇల్లు ఒకటి బయటపడిందని చెప్పేవారు.

"మరి గుడెందుకు అయ్యగారూ?" అని ఎవరో ఒకరు అడగకుండా ఉండేవాళ్ళు కాదు.

ఆయన చెప్పేది జర్మనీలోని టోర్గావ్ సంగతి. 1544లో అక్కడి కోటలో కట్టిన కొత్త గుడిని లూథరే ప్రతిష్ఠించాడు. ఆ రోజు ప్రసంగంలో చెప్పిందిది: ఈ ఇంట్లో ప్రభువు తన వాక్యంతో మనతో మాట్లాడాలి, మనం ప్రార్థనతో, స్తుతితో ఆయనకి బదులు చెప్పాలి, ఇంకేదీ జరగకూడదు. అవసరమైతే బయట నీళ్ళ ఊట దగ్గరైనా ఇదంతా చేసుకోవచ్చని కూడా ఆ ప్రసంగంలోనే ఉంది.

ఆ మాటకి అర్థం ఒక ఎండాకాలం తెలిసింది. కప్పు దించి దూలాలు మార్చాల్సి వచ్చి, నాలుగైదు ఆదివారాలు ఆరాధన చింతచెట్టు కింద జరిగింది. తాత అక్కడే నేల చిమ్మి, నీళ్ళు చల్లి, చాపలు పరిచాడు. చెక్క బల్ల ఒకటి తెచ్చి తూర్పువైపు పెట్టి, ఆకుపచ్చ గుడ్డ కప్పాడు. జనం వచ్చారు. చెప్పులు ఎక్కడ విప్పాలో ఎవరూ చెప్పలేదు. చెట్టు నీడ అంచు దగ్గర, ఎండ ఆగిపోయిన గీత వెంట, అందరూ వరసగా విప్పి లోపలికి నడిచారు. పొద్దెక్కి నీడ జరిగే కొద్దీ కొన్ని జతలు నీడ లోపలికి వచ్చేశాయి. ఒక అవ్వ కీర్తన మధ్యలో లేచి, వాటిని మళ్ళీ గీత అవతల పెట్టి వచ్చి కూర్చుంది.

*

వారం మధ్యలో గుడి తలుపు గొళ్ళెమే, తాళం ఉండేది కాదు. మధ్యాహ్నాలు ఎవరో ఒక ఆడమనిషి వచ్చి మూడో దూలం కింద గోడకి ఆనుకుని కూర్చునేది. బైబిల్లో బిడ్డ కోసం షిలోహు గుళ్ళో మొరపెట్టుకున్న హన్నా లాగా పెదాలు కదిలేవి, గొంతు వినపడేది కాదు. తాత ఊడుస్తున్నవాడు చీపురు పక్కన పెట్టి బయటికి వచ్చేసేవాడు. ఇంట్లో గది ఉంటే కదా తలుపు వేసుకోవడానికి. ఒకటే అంకణంలో తొమ్మిది మంది పడుకునే ఇళ్ళవి. మత్తయి సువార్తలో చెప్పిన ఆ గది మా పేటలో చాలామందికి గుడే.

వేరే మతం వాళ్ళూ వచ్చేవాళ్ళు, బిడ్డకి జ్వరమనో, కోడలికి కాన్పనో. కొందరు కర్పూరం తెచ్చేవాళ్ళు. "మా గుడిలో కర్పూరం వెలిగించం తల్లీ" అని మెత్తగా చెప్పి, కొబ్బరినూనె తెచ్చుంటే మాత్రం తీసుకుని వాకిటి దీపంలో పోసేవాడు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి పంపేవారు.

డిసెంబరు 31 రాత్రి పెట్రోమాక్స్ దీపాలు. స్పిరిట్ పోసి ముందు గొట్టం బాగా కాగనివ్వాలి. తొందరపడి గాలి కొడితే కిరసనాయిలు ఆవిరి కాకుండానే బయటికి చిమ్మి, పసుప్పచ్చ మంట లేచి మాంటిల్ నల్లబడుతుంది. వెలిగాక అది ఉత్త బూడిద వల, వేలు తగిలితే చాలు, రాలిపోతుంది. అందుకే దీపం పట్టుకున్న మనిషికి అందరూ దారి ఇచ్చేవాళ్ళు. పన్నెండుకి దీపాల బుస్సు తప్ప ఏమీ వినపడేది కాదు, అందరూ మోకాళ్ళ మీద. అప్పుడు గంట.

కోతకాల పండుగకి బలిపీఠం ముందు చెరుకు గడలు, శెనక్కాయల మూటలు, బెల్లం దిమ్మలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక చెట్టు కింద వేలం. గుమ్మడికాయని దాన్ని తెచ్చినవాళ్ళే రెట్టింపు ధరకి పాడుకుని ఇంటికి పట్టుకుపోయేవాళ్ళు.

*

పాత గుడి ఇప్పుడు లేదు. జనం పెరిగారు, వాకిట్లో నిలబడి వినేవాళ్ళు లోపల కూర్చున్నవాళ్ళకంటే ఎక్కువయ్యారు. దూలాల్లో చెద లోపలికంటా పోయింది. కూల్చక తప్పలేదు, దాంట్లో ఎవరి తప్పూ లేదు. అదే స్థలంలో కాంక్రీటు హాలు వచ్చింది. నాలుగు వందల మంది పడతారు, ఫ్యాన్లు తిరుగుతాయి, కుర్చీలు ఉన్నాయి.

ఒకటి మాత్రం ముందే ఆలోచించి ఉండాల్సింది. గోడలకి నున్నటి టైల్స్, నేలకి టైల్స్, పైన చదునైన స్లాబు. మాట ఎక్కడా ఇంకదు, తిరిగి తిరిగి వచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. దానికి విరుగుడని మైకు పెంచుతారు, పెంచే కొద్దీ ఇంకా గజిబిజి. పాత గుళ్ళో పెంకుల సందులు, గరుకు సున్నం, తుంగ చాపలు శబ్దాన్ని తాగేసేవి. మైకు లేకుండానే చివరి వరసకి అయ్యగారి గొంతు తేటగా అందేది. ఇప్పటికైనా వెనక గోడకి మందపాటి తెరలు, నడవలో జంపఖానా వేస్తే చాలా మారుతుంది.

గంట మెట్ల పక్కన నేల మీద ఉంది, ఇటుకల మీద బోర్లించి. పిల్లలు రాయితో కొడితే టక్కుమంటుంది. నాదం పుట్టేది అంచు దగ్గర, ఆ అంచే ఇటుకల మీద ఆనితే ఏం మోగుతుంది? నాలుక ఇంకా దానికే ఉంది. బీట లేదు. వేళ్ళతో చుట్టూ తడిమి చూస్తే తెలుస్తుంది. నాలుగు ఇనప దూలాలు, ఒక ఇరుసు ఉంటే మళ్ళీ ఎక్కించవచ్చు.

సమాధుల తోటలో తాత సమాధి తూర్పు వరసలో ఉంది. పోయినేడాది వేసిన సున్నం పొలుసులై లేచింది, గోడ తడపకుండా చిక్కగా వేసినట్టున్నారు. కుర్రాళ్ళు డ్రమ్ములో కర్ర పెట్టి కలుపుతూ, ఈ సాయంత్రమే పూత మొదలుపెడతామన్నారు. ఇంకా గడ్డలు ఉన్నాయి, అడుగున చిటపటమని వినపడుతోంది. కర్ర తీయించి, గోనె తడిపి కప్పాం. అంచుల చుట్టూ రాళ్ళు పెట్టాం. మూడో రోజుకి పాత పంచె ఒకటి తెస్తానని చెప్పాను.